‘ఇదే నిజము’ : మన్నూ భండారీ ‘దీప’ పాత్రలో కథనరీతి

ఆలంకారికులు నాయికను నాయకునితోడి సంబంధమును బట్టి విభజించిరి. స్వీయ, పరకీయ, సామాన్య అను తెగలును, వాసకసజ్జ, విరహోత్కంఠిత మొదలగు ఎనిమిది అవస్థలును నాయకుని రాకపోకల ననుసరించి ఏర్పడినవే. ఇరువురిని ఒకే హృదయముతో, ఒకే నిజాయితీతో ఎదురుచూచు కన్యకు ఆ పట్టికలో చోటు కనబడదు. అట్టి పాత్రను ‘చంచల’ యని త్రోసిపుచ్చుట సులభము. ఆ తీర్పు ఎంతవరకు నిలుచునో తెలియుటకు హిందీ కథకురాలు మన్నూ భండారీ (1931–2021) సృష్టించిన దీప తగిన నికషము. రచయిత్రి ఢిల్లీలోని మిరాండా హౌస్ కళాశాలలో చిరకాలము అధ్యాపకత్వము నెరపి, గురుగ్రామ్‌లో కన్నుమూసిరి. ‘యహీ సచ్ హై’ అను ఈ కథ 1966 నాటి సంపుటమునకు శీర్షికయు నైనది.

కథావస్తువు స్వల్పము. కాన్పూరులో పరిశోధన చేయుచున్న దీపకు సంజయ్ ప్రియుడు. అతడు వేళకు రాడు, వచ్చినప్పుడు మాత్రము రజనీగంధలు తెచ్చును. (తెలుగునాట ఇవి లిల్లీపూలను పేర అమ్ముడగును.) తొలిప్రేమ వట్టి పసితన మని ఆమె దృఢముగా నమ్మియుండును. ఉద్యోగపు ఇంటర్వ్యూకై కలకత్తా వెళ్ళినపుడు పూర్వప్రియుడు నిశీథ్ ఆమెకు తోడ్పడును. అంతట తొలిప్రేమయే ప్రేమ యనియు, సంజయ్‌పై నున్నది కృతజ్ఞత మాత్రమే యనియు తోచును. మరల కాన్పూరు. నిశీథ్ నుండి ముక్తసరి లేఖ వచ్చును. సంజయ్ పూలతో గుమ్మమున నిలుచును. అతని కౌగిలిలో, ఈ స్పర్శయే సత్యము, తక్కినది భ్రమ యనుకొనును.

ఆమె అబద్ధ మాడిన చోటు కథలో ఎక్కడను లేదు. దినచర్యను పోలిన ఉత్తమపురుష కథనము, అందును వర్తమానకాలము. రేపటి సంగతి నేటి వాక్యమునకు తెలియదు. శీర్షికలోని ‘యహీ’ శబ్దము సమీపవాచకము, అవధారణార్థకము. తెలుగులో ‘ఇదే’ యన్నను ఈ రెండర్థములు చెడవు. ఏది దగ్గర నున్నదో దానినే ‘ఇది’ యందురు. దీప సత్యము చేరువను బట్టి మారుచున్నది. అవధారణము మాత్రము ప్రతిసారియు అంతే బలముగా నున్నది. సంక్లిష్టత ఆమె నడవడిలో కంటె ఈ వ్యాకరణములోనే హెచ్చుగా నున్న దనవలెను.

అనువాదకుడు ఇచట చిక్కులో పడును. హిందీలో ఉత్తమపురుష వర్తమానక్రియయు లింగమును తెలుపును. కావున దీప వాక్యములలో పెక్కు ఆమె స్త్రీ యని చెప్పుచునే యుండును. తెలుగున ‘వెళ్ళుచున్నాను’ అనుటలో ఆ సూచన లేదు. పోయినది చిన్నదే యైనను, పూడ్చుటకు వీలులేనిది.

చలము ‘మైదానము’లోని రాజేశ్వరియు తన కథను తానే చెప్పును. కాని ఆమె జరిగినదంతయు జరిగిన పిమ్మట చెప్పును. లోకము వేయు నిందకు ఆమె మాటలు ప్రత్యుత్తరములు; వాదించునట్టి ధైర్యము వాని కున్నది. దీపకు ప్రతివాది లేడు. రాజేశ్వరిని ఖండింపవచ్చును, సమర్థింపవచ్చును. దీప విషయమున రెండును అప్రస్తుతము లగును.

1974లో బాసు చటర్జీ ఈ కథను ‘రజనీగంధా’ చిత్రముగా తీసిరి. కాన్పూరు ఢిల్లీగాను, కలకత్తా బొంబాయిగాను, నిశీథ్ నవీన్‌గాను మారిరి. ఊళ్ళ మార్పు పెద్ద నష్టము కాదు. కార్యాలయము, పదోన్నతి తప్ప వేరు మాట యెరుగని సంజయ్‌కి ఢిల్లీ సహజమైన తావే. అసలు మార్పు వేరు. కథలో పురుషులిద్దరును దీప వాక్యములలోనే జీవింతురు. తెరపై అమోల్ పాలేకర్, దినేశ్ ఠాకూర్ స్వంత దేహములతో వత్తురు. పాలేకర్ నవ్వు చూచిన ప్రేక్షకుడు దీపకంటె ముందే సంజయ్‌ని ఎన్నుకొనును. అప్పుడు ఆమె సందిగ్ధము కేవలము ఆలస్యముగా కనబడును. విద్యా సిన్హా మితమైన నటన యీ లోపమును చాలవరకు కాపాడినది.

ఒక ఘట్టము మాత్రము మూలమునకు దీటైనది. బొంబాయి వీధులలో టాక్సీలో నవీన్ ప్రక్కన దీప మౌనముగా కూర్చుండగా, యోగేశ్ వ్రాసి సలీల్ చౌధురీ స్వరపరచిన పాట నేపథ్యమున వినబడును. ఆమె మనస్సు పలుకుట ముకేశ్ కంఠమున! మొదట వింతగా తోచును. కాని ఆ పాటలో చిక్కును విప్పలేని మనస్సు పలుకు ఉత్తమపురుషక్రియలు సంభావనార్థకములు. హిందీలో అట్టివానికి లింగభేదము లేదు. కథలో అడుగడుగున స్త్రీత్వమును చాటిన వ్యాకరణము ఇచట తొలగిపోవ, మిగిలినది కేవలము సందేహము.

అదే రచయిత్రి, అదే దర్శకుని 1985 నాటి దూరదర్శన్ ధారావాహిక ‘రజనీ’కి రచన చేసిరి. ప్రియా తెండూల్కర్ ధరించిన ఆ గృహిణి అన్యాయమును చూచినంతనే ఎదిరించును. ప్రజాదరణ మిక్కిలి పొందినది, సందేహ మెరుగదు. ఆమెకు శత్రువులందరును బయటివారే. దీపకు అట్టివా డొక్కడును లేడు.