పాత కంప్యూటరు - పాత వ్రాతలు

2025 అక్టోబరు 14 తో విండోస్ 10 కు సాధారణ సహాయము ముగిసినది. నాటినుండి తల్లిదండ్రులు పలువురు "మాస్టారూ, క్రొత్తది వేయించినచో మా ఫైళ్లు పోవునా?" యని యడుగుచున్నారు.

ఉన్నదానిపైననే విండోస్ 11 ఎక్కించినచో ఫైళ్లు సాధారణముగా నిలుచును. డిస్కును తుడిచి క్రొత్తగా వేసినచో ఏమియు మిగులదు. బాగుచేయువానికి యంత్రము నప్పగించునపుడే ఏ పద్ధతియో అడుగవలెను. నేనొకప్పుడు అడుగక, మూడేండ్ల ప్రశ్నపత్రములు పోగొట్టుకొంటిని.

మన తెలుగువారికి వేరొక చిక్కు గలదు. అను ఫాంట్లతో టైపుచేసిన పాత వ్రాతలు చెడకున్నను, ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో ఆంగ్లాక్షరములు, ఏవేవో గుర్తులు కనబడును. చూచినవారు ఫైలే పాడైనదని తీసివేయుదురు! కన్నడిగులకును నుడి, బరహ పాత ఫాంట్లతో ఇదే యిబ్బంది. యూనికోడులో వ్రాసినవాని కీ బాధ లేదు.

కావున ముందుగా ఫైళ్లను బయటి డిస్కులోనికి నకలుచేసి, ఆ ఫాంట్లనుగూడ అందే యుంచవలెను. ముఖ్యమైనవానిని పాత యంత్రముననే పీడీఎఫ్‌గా మార్చుట మేలు. అక్షరములు అందులో నిలిచియుండును. పిమ్మట ఆ డిస్కును మరియొక కంప్యూటరునకు తగిలించి, కొన్ని ఫైళ్లు తెరచి చదువవలెను. తాతగారి జ్ఞాపకములు, పిల్లల ఫోటోలు మొదట చూడుడు. అవి కనబడిన పిదపనే యంత్రమును దుకాణమునకు పంపుడు.