జ్వరం దిగాక జాగ్రత్త: పిల్లల్లో తీవ్రమైన డెంగ్యూ

వానాకాలంలో మా పిల్లల వార్డులో తరచుగా వినే మాట ఇది: "సిస్టర్, బాబుకు జ్వరం దిగిపోయింది, ఇంటికి తీసుకెళ్తాం." వేరే జ్వరాలకైతే ఇది మంచి కబురే. డెంగ్యూలో మాత్రం అసలు ప్రమాదం అప్పుడే మొదలు కావచ్చు.

డెంగ్యూ జ్వరం సాధారణంగా 3వ రోజుకూ 7వ రోజుకూ మధ్య దిగుతుంది. ఆ సమయంలో 24 నుండి 48 గంటల పాటు కొందరు పిల్లల్లో సన్నని రక్తనాళాల నుండి నీరు పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఊరుతుంది. రక్తం చిక్కబడుతుంది, నాడి బలహీనపడుతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. దీనినే డెంగ్యూ షాక్ అంటారు. మొదట్లో బిడ్డ తెలివిగానే ఉండి మాట్లాడుతుంటాడు కనుక తల్లికి అనుమానం రాదు.

కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు లేక చిగుళ్ల నుండి రక్తం, నల్లటి విరేచనం, మగత లేక విపరీతమైన చికాకు, 6 గంటలుగా మూత్రం రాకపోవడం - వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు ఆగవద్దు.

డెంగ్యూ వైరస్‌ను చంపే మందు ఇంకా వాడుకలో లేదు. చికిత్స అంతా సెలైన్ లెక్కలోనే ఉంది. షాక్ తొలిదశలో ఉన్న 15 కిలోల బిడ్డకు మొదటి గంటలో 150 నుండి 300 మిల్లీలీటర్ల వరకు ఇస్తారు. తర్వాత నాడి, రక్తపోటు, మూత్రం, రక్తం చిక్కదనం (పి.సి.వి.) మళ్లీ మళ్లీ చూసి మెల్లగా తగ్గిస్తారు. నిద్రపోతున్న బిడ్డను లేపి మేము గోరు నొక్కి చూసేది కూడా ఇందుకే. నొక్కిన చోట ఎరుపు 2 సెకన్లలో తిరిగి రావాలి.

"సెలైన్ ఎందుకు ఆపేశారు?" అని బంధువులు మమ్మల్ని కోప్పడుతుంటారు. ఊరిన నీరు ఒకటి రెండు రోజుల్లో తిరిగి రక్తంలోకి చేరుతుంది. అప్పుడు కూడా సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి బిడ్డకు ఆయాసం వస్తుంది.

ఇక ప్లేట్‌లెట్ల భయం! అంకె చూసి కుటుంబమంతా బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరుగుతారు. రక్తస్రావం లేకుండా, కేవలం అంకె తగ్గిందని ఎక్కిస్తే మేలు కనబడలేదు. మేము ఆ అంకె కన్నా పి.సి.వి.నే ఎక్కువ గమనిస్తాము.

ఇంట్లో జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, బరువును బట్టి, 6 గంటల ఎడంతో ఇవ్వండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. నొప్పి ఇంజెక్షన్లు అసలే వద్దు. ఓ.ఆర్.ఎస్., గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా పట్టండి. ఎర్ర రంగు పానీయాలు మానండి, వాంతి అయితే అది రక్తమో రంగో తేల్చుకోవడం మాకూ కష్టమే. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకొని ఇంట్లో కూర్చోవద్దు.

వార్డులో పట్టపగలు దోమతెర ఎందుకని అడుగుతుంటారు. ఈ దోమ కుట్టేది పగటిపూటే. జ్వరంతో ఉన్న బిడ్డను కుట్టిన దోమ, కొద్ది రోజుల తర్వాత ఇంకొక బిడ్డకు జబ్బు అంటించగలదు. గాలి ఆడటం లేదనిపించినా ఆ తెర తీయవద్దు.