శామీరుపేటను పరిశోధించిన పండితుడు

మనుష్యుల కట్టుబాట్లను, నమ్మకములను, జీవన విధానములను పరిశోధించునది మానవశాస్త్రము. దీని నభ్యసించువారికి గ్రంథాలయ మొక్కటియే చాలదు. జనుల నడుమ నివసించి, వారి మాట విని, వారి పనిపాటలను కన్నులార చూడవలెను. ఈ శాస్త్రమున పేరుగాంచి, పిమ్మట విశ్వవిద్యాలయోపాధ్యక్షులు, అనగా వైస్ ఛాన్సలరు, అయిన శ్యామాచరణ దూబేగారి కృషిలో ముఖ్యభాగము మన తెలుగునాటనే జరిగినది.

వారు 1922లో మధ్యప్రాంతములలో జన్మించిరి. మొదట ఛత్తీసుగఢ ప్రాంతపు అడవులలోని కమారులను గూర్చి పరిశోధించి, 1951లో గ్రంథము ప్రకటించిరి. అడవిని నరికి కాల్చి, ఆ బూడిదలో విత్తులు చల్లి పండించుకొనుట నాటి కమారుల ఆచారముగా నుండెను.

పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించుచు, హైదరాబాదునుండి కరీంనగరము పోవు మార్గముననున్న శామీరుపేట గ్రామమును పరిశోధనకు ఎన్నుకొనిరి. అచ్చటికి వారు ఒంటరిగా పోలేదు. వైద్యము, వ్యవసాయము, పశువైద్యము నేర్చినవారును వెంట నుండిరి. ప్రశ్నలడిగి వ్రాసికొనుటతో తృప్తిపడక, గ్రామస్థులకు సేవయు చేసిరి. ఇది నాకు మిక్కిలి నచ్చిన సంగతి. ఒకరి యింటి విషయములు అడిగి తెలిసికొన్నవారు బదులేమైన నిచ్చుట న్యాయమే కదా!

ఆ పరిశోధనా ఫలితమే 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజి’ అను గ్రంథము. గ్రామమున ఒకని గౌరవము దేనినిబట్టి ఏర్పడును? కులమునుబట్టియే యని మనము తటాలున చెప్పుదుము. దూబేగారు ఆరు కారణములు చూపిరి: మతకులములు, భూమి, ధనము, సర్కారు కొలువు లేక గ్రామములోని పదవి, వయస్సు, వ్యక్తి స్వభావము. ఊరు తనంత తాను బ్రదుకునది కాదనియు, కులబంధములు, వియ్యములు దానిని ఇతర గ్రామములతో ముడివేయుచున్నవనియు వివరించిరి.

1952లో ప్రభుత్వము సామాజికాభివృద్ధి పథకమును ప్రారంభించెను. గ్రామములకు మేలురకపు విత్తనములు, ఎరువులు, అప్పులు వచ్చెను. అవి ఎవరి చేతికి చేరినవి? ఉత్తరప్రదేశపు పల్లెలలో దూబేగారు దీనిని విచారించి, 1958లో ప్రకటించిన గ్రంథమున, లాభములలో పెద్దపాలు అదివరకే కలిగినవారికి, పలుకుబడి గలవారికి దక్కెనని వ్రాసిరి. దేశమంతయు కొనియాడుచున్న కార్యమును గూర్చి ఇట్లు వ్రాయుటకు గుండెదిటవు కావలెను.

అటుపై వారు సాగర విశ్వవిద్యాలయమున ఆచార్యులుగాను, 1972 మొదలు 1977 వరకు సిమ్లాలోని ఉన్నత పరిశోధన సంస్థకు సంచాలకులుగాను, 1978 మొదలు 1980 వరకు జమ్మూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగాను పనిచేసిరి. హిందీలోను గ్రంథములు రచించిరి. వారి భార్య లీలా దూబేగారును ఈ శాస్త్రమున ప్రసిద్ధురాలే. దూబేగారు 1996లో కాలధర్మము నొందిరి.

శామీరుపేట ఇపుడు నగరపు పొలిమేరలో కలిసిపోవుచున్నది. నాటి కుమ్మరి, గొల్ల, చాకలి కుటుంబముల నడుమ నడచిన ఇచ్చిపుచ్చుకొనుటలు తెలియగోరువారు ఆ 1955 నాటి గ్రంథమునే తెరువవలెను.