అన్నం మీద నింద వెయ్యకు

చి. కిరణ్‌కి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో సగం చెప్పి నసిగిన సంగతిని మీ అమ్మ పూర్తిచేసింది. ఆరు కిలోలు తగ్గావట, సంతోషం. కానీ సాయంత్రమయ్యేసరికి పొట్ట డోలులా బిగుసుకుంటోందనీ, మీటింగులో కూర్చోవాలన్నా లిఫ్టెక్కాలన్నా భయమేస్తోందనీ, ఇక ఈ డైటింగ్ నావల్ల కాదనీ అన్నావట. మందుల షాపు కౌంటర్ వెనక ఇన్నేళ్లు నిలబడ్డవాడి దగ్గర సిగ్గేంట్రా? పొట్ట ఉబ్బినా, ఛాతీలో మండినా, పుల్లటి తేన్పులొచ్చినా అందరూ ‘ఒక గ్యాస్ బిళ్ల ఇవ్వండి’ అంటూ వచ్చేవాళ్లే.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు పది నుంచి ఇరవై సార్ల దాకా గ్యాస్ పోవడం మామూలే. అంతా కలిపితే అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. కొందరికి మీథేన్ కూడా. వీటికి వాసన లేదు. కంపన్న పేరు తెచ్చిపెట్టేవి ఇసుమంత గంధకపు వాయువులు. అందుకని ‘అసలు రాకూడదు’ అని పట్టుబట్టకు, ఇబ్బంది పెట్టనంతకు తగ్గితే చాలు.

నీ తిండి సంగతి మీ అమ్మను అడిగి రాసుకున్నాను. పొద్దున పాలలో ఓట్స్, వాటిలో ప్రోటీన్ పొడి. పదకొండింటికి పచ్చి మొలకలు. మధ్యాహ్నం రాజ్మా, ఉల్లిపాయ ముక్కలతో సలాడ్. సాయంత్రం ప్రోటీన్ బార్. రాత్రి రెండు చపాతీలు, కాలీఫ్లవర్ కూర. ఆకలేస్తే చక్కెర లేని చూయింగ్ గమ్. ఇందులో గ్యాస్ పుట్టించనిది ఏదో వెతికి చూపించు! పిండి పదార్థాల్లో దాదాపు పూర్తిగా చిన్నపేగులోనే అరిగిపోయి, గ్యాస్‌కి పెద్దగా తావివ్వనిది వరి అన్నం. దాన్నేమో నువ్వు మొదటిరోజే వెళ్లగొట్టావు.

రాజ్మా, శనగలు, కంది, మినుముల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి పేగుల్లో లేదు. అవి అరగకుండా పెద్దపేగుకి చేరితే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెడుతుంది, గ్యాస్ తయారవుతుంది. గోధుమలో, ఉల్లిలో, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్ల కథా ఇదే. పాల సంగతి వేరు. పాలలోని లాక్టోజ్‌ని అరిగించే ఎంజైము మనలో చాలామందికి పెద్దయ్యాక తగ్గిపోతుంది. చిన్నప్పుడు గ్లాసుడు పాలు తాగి హరాయించుకున్నావు కదా అని ఇప్పుడూ అలాగే ఉండాలని లేదు. ఇక ఆ బార్లు, గమ్ములు. చక్కెర లేదని రాసినచోట తరచుగా మాల్టిటాలో సార్బిటాలో ఉంటుంది, పీచు ఉందని గొప్పగా రాసినచోట చాలాసార్లు ఇనులిన్ ఉంటుంది. అన్నీ పెద్దపేగుకి విందులే. నీ లాంటివాళ్లు ఆరోగ్యం పేరుతో కొనుక్కునేవాటిలో నాకు బొత్తిగా గిట్టనివి ఈ బార్లు. రెండు ఉడికించిన గుడ్లు అంతకన్నా చవక, అంతకన్నా నయం.

తప్పు పప్పుదీ కాదు, పీచుదీ కాదురా. అన్నిటినీ ఒకే వారంలో మీదేసుకున్నావు, అదీ చిక్కు. పీచు కొద్దికొద్దిగా, కొన్ని వారాల మీద పెంచితే పేగు అలవాటు పడుతుంది. కాబట్టి అన్నీ మానెయ్యకు. ముందు బార్లు, గమ్ము ఆపు, వాటివల్ల నీకు ఒరిగేదేమీ లేదు. తర్వాత రెండు వారాలు పాలు మాని పెరుగు, మజ్జిగతో సరిపెట్టుకో. పెరుగులో లాక్టోజ్ కొంత తగ్గి ఉంటుంది, అందులోని బాక్టీరియా మిగిలినదాన్ని అరిగించడానికి సాయపడుతుంది. పొడి తాగక తప్పదనుకుంటే కాన్సన్‌ట్రేట్ బదులు ఐసొలేట్ రకం చూడు, అందులో లాక్టోజ్ చాలా తక్కువ. తేడా కనిపిస్తే దొంగ దొరికినట్టే. కనిపించకపోతే పాలు మళ్లీ మొదలుపెట్టి గోధుమ మీద కన్నెయ్యి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది మేలు చేసిందో నీకే తెలియదు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి కూడా ఇలాంటిదే. కొన్నాళ్లు మానడం, ఒక్కొక్కటే తిరిగి చేర్చి చూడడం. జీవితాంతం ఉల్లిపాయ లేకుండా బతకమని కాదు. అంతదాకా వెళ్లాల్సొస్తే డైటీషియన్ని పక్కన పెట్టుకో.

రాజ్మా, శనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో మెత్తగా ఉడికించు. మొలకలు పచ్చివి కాకుండా ఆవిరి మీద పెట్టి గుప్పెడే తిను. పెసరపప్పు చాలామందికి తేలిగ్గా ఒంటబడుతుంది, రాత్రికి అదే మంచిది. మధ్యాహ్నం అన్నం కొలిచి పెట్టుకో. వండిన అన్నం వంద గ్రాములకు దాదాపు 130 కేలరీలు. నూట యాభై గ్రాములు తిన్నా నీ రోజు లెక్కలో అది పెద్దదేమీ కాదు. బరువు తగ్గించేది మొత్తం లెక్క, ఒక్క అన్నం మీద కక్ష కాదు. మీ నాన్నకి షుగరుంది గనక ఆయన లెక్క వేరు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించి వాదన పెట్టుకోకు.

లాప్‌టాప్ ముందు గబగబా మింగడం మాను, తిండితోపాటు గాలి కూడా మింగుతున్నావు. సోడాలు, కూల్‌డ్రింకులూ అంతే. తిన్నాక పావుగంట నడిస్తే పేగులో ఇరుక్కున్న గాలి కదులుతుంది. తిండి తగ్గించినప్పుడు మలబద్ధకం వస్తుంది, అదీ ఉబ్బరానికి తోడవుతుంది. నీళ్లు తగ్గించకు. సాయంత్రం నడుము బిగుతుగా ఉందని కొవ్వు తిరిగొచ్చిందనుకోకు, పొద్దుటికి దిగిపోయేది కొవ్వు కాదు.

ఇక బిళ్లలు. పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పేగులో గ్యాస్‌ని కాదు. నీళ్లలో బుసబుస పొంగే పొడి తానే కార్బన్ డయాక్సైడ్‌ని పుట్టించి తేన్పు తెప్పిస్తుంది, అందుకే హాయిగా అనిపిస్తుంది. అందులో సోడియం ఎక్కువ, రోజూ పనికిరాదు. సిమెథికాన్ కొందరికి కాస్త ఉపశమనమిస్తుంది. వాము నమిలినా, పప్పులో ఇంగువ వేసినా నాకు అభ్యంతరం లేదు, కాని పచ్చి మొలకల గిన్నెని వాము జయిస్తుందని ఆశపడకు. జిమ్‌లో ఎవరో చెప్పారన్న ఆర్లిస్టాట్ కొవ్వుని ఒంటబట్టనివ్వదు, దాంతో గ్యాస్‌తోపాటు నూనె కూడా కారుతుంది. తెల్ల ప్యాంటు వేసుకునే ఉద్యోగానికి అది కుదరదు. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి, వాటితోనూ ఉబ్బరం, తేన్పులు వస్తాయి. ఏదైనా డాక్టరు రాస్తేనే.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గు, అంతకు మించి పరుగెత్తకు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడొచ్చు. కుడి పక్కటెముకల కింద మొదలై వీపుకో భుజానికో పాకే నొప్పిని గ్యాస్ అని సరిపెట్టుకోకు. మలంలో రక్తం, ఆగని వాంతులు, నిద్రలో లేపే కడుపునొప్పి, నువ్వు చేసే ప్రయత్నానికి మించి పడిపోతున్న బరువు — వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికే. ఛాతీ పట్టేసి చెమటలు పడితే, నొప్పి చెయ్యికో దవడకో పాకితే ఆ పొంగే పొడి కోసం వెతక్కుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లి ఇసిజి తీయించుకో. ‘గ్యాసేలే’ అనుకుని ఇంట్లోనే కూర్చుండిపోయినవాళ్లు మనూళ్లో ఉన్నారు. వయసుతో పని లేదు.

ఆ ప్రోటీన్ పొడి డబ్బా వెనకవైపు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, బార్ కవరుది కూడా. నువ్వు పైనున్న ప్రోటీన్ అంకె మాత్రమే చూసుంటావు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది నేను చదివి చెప్తాను.

మీ పెద్దమ్మ కూడా ఆశీస్సులు చెప్పమంది.

పెద్దనాన్న