జులైలో చూసి చెప్పండి

ప్రశ్న: మాది కాకినాడ. న్యూజెర్సీలో ఉంటున్నాం. ఈ చలి పడలేక పిల్లలతో ఫ్లోరిడాలోని టాంపాకు మారదామనుకుంటున్నాం. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదట. మారొచ్చా?

జవాబు: పన్ను లేనిమాట నిజమే. ఆ మిగిలేదాంట్లో కొంత ఇంటి బీమా పట్టుకుపోతుంది. పైగా మామూలు ఇంటి బీమా వరద నష్టానికి వర్తించదు, దానికి వేరే పాలసీ ఉండాలి. ప్రభుత్వ వరద పాలసీ సాధారణంగా 30 రోజులు గడిచాకే అమల్లోకి వస్తుంది కాబట్టి తుపాను వార్త విన్నాక కట్టి లాభం లేదు. 2024లో హెలీన్, మిల్టన్ తుపాన్లు రెండు వారాల తేడాతో ఆ తీరాన్ని దెబ్బకొట్టాయి. ఏ ఇల్లు నచ్చినా ముందు అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా వరద పటంలో ఆ చిరునామా వెతకండి. వరద ముప్పు ఎక్కువున్న ఏఈ, వీఈ జోన్లలో ఉంటే ఎంత చవకగా వచ్చినా నేనైతే కొనను.

ఉక్కపోత గురించి కాకినాడవారికి నేను చెప్పాలా! పిల్లలకే అది కొత్త. డిసెంబరులో వెళ్లి మురిసిపోకండి, జులైలో ఓ పది రోజులు ఉండి చూడండి.

మీది హెచ్‌1బీ వీసా అయితే, ఇంటినుంచి పనిచేస్తున్నా సరే, మారకముందే మీ కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. ఇల్లు వెతకడం ఆ తర్వాతే. అదీ మొదటి ఏడాది అద్దెకే.