‘డూ ది నీడ్‌ఫుల్’

సైన్సు విద్యార్థికి ఇంగ్లీషు విశేషణంతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. మా కంభం వైపు రైతుల ఇళ్ళలో కాలేజీకి వెళ్ళే పిల్లవాడు బోటనీ చదివినా, జువాలజీ చదివినా, ఇంటికొచ్చిన ఆఫీసు కాగితం చదివి చెప్పాల్సింది వాడే. ఆ కాగితాల్లో నాకు పదే పదే తగిలే మాట ‘నీడ్‌ఫుల్’. ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అనందే ఏ అర్జీ ముగియదు గదా!

‘నీడ్’ అంటే అవసరం. ‘యూస్‌ఫుల్’ లాగే దీనికీ ‘ఫుల్’ చేరి విశేషణమైంది. అవసరమైన, కావలసిన అని అర్థం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోనే ఈ మాట ఉంది. ఇప్పుడు ఇంగ్లండులో ‘నెసెసరీ’ అంటారు, ‘నీడ్‌ఫుల్’ అంటే తాతల నాటి మాట కింద లెక్క. మన లెక్కల పుస్తకంలో కూడా ‘నెసెసరీ కండిషన్’ ఉంటుందే గాని ‘నీడ్‌ఫుల్ కండిషన్’ ఉండదు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయినా మన ఆఫీసుల్లో మాత్రం అది కుర్చీ దిగలేదు.

ఇంగ్లీషులో కొన్ని విశేషణాల ముందు ‘ది’ పెడితే నామవాచకాలవుతాయి. ‘ది పూర్’ అంటే పేదలు, ‘ది నీడ్‌ఫుల్’ అంటే కావలసిన పని. కాబట్టి ఈ వాక్యం పాతదే గాని తప్పు కాదు. పేద విద్యార్థులను ‘నీడ్‌ఫుల్ స్టూడెంట్స్’ అని రాస్తే నవ్వుతాం. అక్కడ ‘నీడీ’ అనాలి. కానీ మధ్యయుగపు ఇంగ్లీషులో ‘నీడ్‌ఫుల్’కు ఆ అర్థమూ ఉండేది! ఇంకొకటి మరీ సొగసైనది. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ వాడుక ఇంగ్లీషులో ‘ది నీడ్‌ఫుల్’ అంటే డబ్బు. ‘కావలసింది చూసుకుంటాంలే సారూ’ అని మనవాళ్ళు అనడంలో భావం వేరే చెప్పాలా?

నా బాధ వ్యాకరణం గురించి కాదు. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన మా కంభం చెరువు విజయనగర కాలం నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. దాని ఆయకట్టు చివర మా మడి. ఒక ఏడు పిల్లకాలువ షట్టరు చెడి నీళ్ళు మాదాకా రాలేదు. నాన్న బజారులో టైపు కొట్టించిన అర్జీలో ‘నీళ్ళందుట లేదు, డూ ది నీడ్‌ఫుల్’ అని ఉంది. ఒక ఆఫీసువారు దానిమీద ‘ఫర్ నెసెసరీ యాక్షన్’ అని రాసి కిందికి పంపారు. కిందివారు ‘నీడ్‌ఫుల్ మే బి డన్’ అని పక్కకు తోశారు. ఎవరూ కాదనలేదు, అబద్ధమూ ఆడలేదు. కావలసింది చేయమని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ కావలసింది ఏమిటో మాత్రం కాగితం మీద ఎక్కడా లేదు. నారు మడిలోనే ఎండిపోయింది.

మరుసటేడు అర్జీ నేను రాశాను, తెలుగులోనే. ఫలానా మలుపు దగ్గర షట్టరు స్క్రూరాడ్డు వంగింది, నాట్లలోపు కొత్తది బిగించాలి, అంతే. పది రోజులకు ఒక ఉద్యోగి మా ఇంటికి కబురంపాడు: ‘రాడ్డు పొడవెంత?’