కూర్చోవడం కూడా హక్కే

దీపావళి ముందు చెన్నై టీ నగర్ బట్టల దుకాణాల్లో కాలు పెట్టే చోటుండదు. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి పెళ్లి చీరలకు వచ్చిన మనవాళ్లకు కౌంటరు ముందు కుర్చీలు వేస్తారు. చీరలు విప్పి చూపించే అమ్మాయిది మాత్రం పొద్దుట్నుంచి నిలువుకాళ్ల కొలువు. బేరం లేనప్పుడు గోడకు ఆనుకున్నా సూపర్‌వైజర్ చూపు పడుతుంది. కొనేవాళ్ల ముందు కూర్చుంటే మర్యాద కాదట! సాయంత్రానికి చీలమండలు వాస్తాయి, పిక్కలు లాగేస్తాయి.

అలా నిలబెట్టడం చట్టవిరుద్ధం.

1947 నాటి తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టంలో 2021లో 22-ఎ సెక్షన్ చేర్చారు. ఉద్యోగులందరికీ యజమాని తగిన ఆసనాలు ఏర్పాటు చేయాలి. పని మధ్య వీలు చిక్కినప్పుడల్లా వాళ్లు కూర్చోవచ్చు. నిలబడి పనిచేసే ఫ్యాక్టరీ కార్మికులకు ఈ వెసులుబాటు 1948 ఫ్యాక్టరీల చట్టంతోనే వచ్చింది. ఆడపిల్లలు ఇంతమంది పనిచేసే తమిళనాడు దుకాణాలకు వచ్చేసరికి 73 ఏళ్లు పట్టింది.

అదీ ఊరికే రాలేదు. కేరళలోని కోళికోడ్‌లో పి.విజి అనే టైలరు, దుకాణాల్లో పనిచేసే స్త్రీలను ‘పెణ్‌కూట్టు’ పేరుతో కూడగట్టారు. మొదట మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది, ఆ తర్వాత తమిళనాడు. 2021లో తమిళనాడు శాసనసభకు ఎన్నికైన 234 మందిలో స్త్రీలు 12 మందే. సభలో బలం ఇంత తక్కువైనప్పుడు వీధిలో సంఘం ఉండి తీరాలి.

తమిళనాడు చట్టం ప్రకారం దుకాణంలో పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. నాలుగు గంటలు చేశాక కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి.

‘అడిగితే తీసేస్తారు’ అన్నదే అందరి భయం. దానికీ 41వ సెక్షన్ ఉంది. ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. కారణమున్నా, విచారణలో దుష్ప్రవర్తన రుజువైతే తప్ప, నెల ముందు నోటీసు, లేదంటే నెల జీతం ఇవ్వాలి. అన్యాయంగా తీసేస్తే అప్పీలు చేసుకోవచ్చు, ఆలస్యం మాత్రం చేయకూడదు. నియామక పత్రం లేనివాళ్లు గుర్తింపు కార్డు, ఈఎస్‌ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు వివరాలు దాచుకోవాలి. స్టూళ్లు వేయని దుకాణంపై కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. నలుగురూ కలిసి సంతకాలు పెడితే ఒక్కరి మీదే కక్ష కట్టడం కష్టం.

లైంగిక వేధింపులకు 2013 చట్టం వేరే ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. పదిమంది లోపైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. ఏ కమిటీకైనా మూడు నెలల్లోగా ఇవ్వాలి.

ఈసారి చీరలకు చెన్నై వెళ్లినప్పుడు కౌంటరు వెనక స్టూలుందో లేదో చూడండి. లేకపోతే మేనేజరును అడగండి. ఆ అమ్మాయి కూర్చుని చూపిస్తే మాకేమీ అమర్యాద కాదని కూడా చెప్పండి.